కొంగున ముడివేయగల కథ

(గూడెం కొత్తవీధి రామమందిర ప్రాంగణంలో శ్రీరామనవమి ఉత్సవాల ముగింపు సభలో చేసిన ప్రసంగ పాఠం)





నేను ఈ ఊరికి రావడం ఇది రెండవసారి. మొదటిసారి వచ్చి ఇరవై సంవత్సరాలు దాటినది. ఈసారి నన్ను ఆహ్వానించినవారు సుందరకాండను గురించి ప్రసంగించమన్నారు. సంతోషం. అయితే నేను ఒక ఋణం తీర్చుకోవడానికి కూడా వచ్చాను. ఆ ఋణం ఏమిటో మొదట మనవి చేస్తాను.

అప్పట్లో నేను ఉద్యోగంలో ఉన్నాను. విద్యార్థులకు కావ్యం, తర్కం, వ్యాకరణం పాఠం చెప్పేవాడిని. నర్సీపట్నంలో బస్సు ఎక్కి, లంబసింగి చలిలో వణికి, చింతపల్లి దాటి, కాఫీ తోటల నడుమ ఈ ఊరు చేరాను. ఆ సాయంకాలం సుందరకాండపై మూడు గంటలు మాట్లాడాను. శ్లోకాలు చదివాను. వ్యాఖ్యాతల మతభేదాలు విడమరచి చెప్పాను. సభలోనివారు ఓపికతో విన్నారు. వారి ఓపికను నేను నా పాండిత్యానికి దక్కిన గౌరవమని అనుకొన్నాను.

సభ ముగిసి ప్రసాదం పంచుతున్న వేళ ఒక వృద్ధురాలు నా దగ్గరకు వచ్చినది. సంతకు వచ్చి, అమ్మవలసినవి అమ్ముకొని, తిరిగి వెళ్లేదారిలో గుడి దగ్గర ఆగినదట. తనకిచ్చిన ప్రసాదంలో ఒక్క మెతుకైనా నోట వేసుకోలేదు. ఆకుతో సహా కొంగున ముడివేసుకొన్నది. నాతో ఇట్లా అన్నది: "బాబూ, మీ కత సివర్న కొంతే ఇన్నాను. మా మనవడు సెట్టు మీంచి పడి కాలిరిగి మంచాన ఉన్నాడు. ఆడికని పెసాదం కట్టుకున్నాను. కత కూడా ఇంత కట్టి ఇచ్చీండి. సీకటి పడిపోతాది, బేగి సెప్పండి."

ఆమె అడిగినది ఎంత? కొంగున ముడివేయగలిగినంత కథ. కొండ ఎక్కేటప్పుడు జారిపోనంత కథ. ఇల్లు చేరిన తరువాత పిల్లవాడి చెవిలో విప్పి పెట్టగలిగినంత కథ.

నేను గంభీరంగా, "అమ్మా! ధర్మం జయిస్తుంది, అధర్మం నశిస్తుంది. ఇదే రామాయణం" అన్నాను. ఆమె ఒక క్షణం నా ముఖం చూచినది. "అది నీతి గదా బాబూ. కత సెప్పండి. ఎవులికి ఏటయింది?" అన్నది.

నాకు సిగ్గు వేసినది. వెంటనే మొదటినుండి అందుకొన్నాను. కోసల దేశం, సరయూ నది, అయోధ్యా నగరం, దశరథ మహారాజు, ఆయనకు సంతానం లేకపోవడం... ఇంకా పుత్రకామేష్ఠి పూర్తి కాలేదు. ఆమె పడమటి కొండవైపు చూచినది. సూర్యుడు కొండ వెనుకకు దిగిపోయినాడు. "మళ్లీ సంతకొచ్చినప్పుడు ఇంటాను బాబూ" అని చేతులు జోడించి వెళ్లిపోయినది. మరునాడు తెల్లవారుజామున నేనూ బస్సు ఎక్కి వెళ్లిపోయాను. ఆమెను మళ్లీ చూడలేదు.

ఆ రాత్రి ఆ పిల్లవాడికి ప్రసాదం అందినది, కథ అందలేదు. రామాయణం నలభై ఏళ్లు చదివినవాడు ఎదురుగా నిలబడి ఉండి కూడా అందలేదు. అదే నా ఋణం.

ఇక విషయానికి వస్తాను. ఒక మహాకథను ఒక్క వాక్యంలో చెప్పడం సాధ్యమా? సాధ్యమైతే, ఆ వాక్యం ఎట్లా ఉండవలెను?

మొదట నా తప్పులు పరిశీలిద్దాం. నేను రెండు తప్పులు చేశాను. ఆమెకు మొదట ఇచ్చినది ఫలశ్రుతి, కథ కాదు. తరువాత ఇచ్చినది విషయసూచిక, అదీ కథ కాదు. మనలో చాలామంది కథను సంక్షేపించమంటే ఈ రెండింటిలో ఒకటి చేస్తాము. అయితే నీతివాక్యం చెబుతాము, లేదా సంఘటనలు వరుసగా అప్పజెబుతాము.

మన శాస్త్రకారులు వాక్యానికి మూడు నియమాలు చెప్పారు. తర్కసంగ్రహం చదివే పిల్లవాడికి కూడా ఇవి కంఠస్థమే. ఆకాంక్ష, యోగ్యత, సన్నిధి. ఆకాంక్ష అంటే ఒక పదం మరొక పదాన్ని కోరుకోవడం. ఆవు, గుర్రం, మనిషి, ఏనుగు అని వరుసగా నాలుగు పదాలు పలికితే అది వాక్యం కాదు. ఒకదానికి మరొకదానితో పని లేదు. యోగ్యత అంటే పదాల అర్థాలు ఒకదానికొకటి పొసగడం. నిప్పుతో మొక్కలు తడుపుమంటే వ్యాకరణం చక్కగానే ఉంటుంది, అర్థం పొసగదు. సన్నిధి అంటే పదాలు దగ్గరగా ఉండడం. ఇప్పుడు 'ఆవును' అని, జాము గడిచిన తరువాత 'తోలుకొనిరా' అంటే వినేవాడికి అది వాక్యంగా అందదు.

ఈ మూడు నియమాలను కథకు పట్టించి చూడండి. "దశరథుడు, విశ్వామిత్రుడు, శివధనుస్సు, కైక, పంచవటి, లంక" అని చెప్పుకొంటూ పోతే అది ఆవు, గుర్రం, మనిషి, ఏనుగు వంటిదే. ఆకాంక్ష లేదు. "ధర్మం జయిస్తుంది" అన్నది రామాయణానికి పొసగుతుంది. భారతానికీ పొసగుతుంది. ప్రహ్లాద చరిత్రకూ పొసగుతుంది. అన్ని కథలకూ సరిపోయే మాట ఏ ఒక్క కథనూ చెప్పలేదు. అది ఆ కథకే తగిన యోగ్యత కాదు. ఇక నేను అయోధ్యా వర్ణనతో ఆరంభించాను గదా! రాముడు పుట్టేలోపే పొద్దు గుంకినది. అక్కడ లేనిది సన్నిధి.

అంటే వాక్యాన్ని గురించి నేను విద్యార్థులకు చెప్పిన పాఠంలో నేనే ఉత్తీర్ణుడిని కాలేదు. ఆ పరీక్ష పెట్టినది అక్షరం రాని ఒక అవ్వ.

మీమాంసకులు మరొక మాట చెప్పారు. దానికి ఏకవాక్యత అని పేరు. ప్రయోజనం ఒకటే అయి, విడదీసినప్పుడు భాగాలు ఒకదానికోసం మరొకటి ఎదురుచూచేటట్లయితే, అదంతా ఒకే వాక్యమని జైమిని మహర్షి నిర్ణయం. ఇక్కడ పొడవు ప్రసక్తి లేదు. ఇరవై నాలుగు వేల శ్లోకాలైనా ప్రయోజనం ఒకటైతే ఒకటే వాక్యం. కాబట్టి కథను సంక్షేపించడమంటే కత్తిరించడం కాదు. ఆ ఒక్క ప్రయోజనం ఎక్కడ ఉన్నదో వెదకి పట్టుకోవడం.

ఎక్కడ వెదకాలి? దీనికి సమాధానం మీకందరికీ తెలిసినదే. గుడిలో అర్చన చేయించుకొనేటప్పుడు అర్చకస్వామి సంకల్పం చెబుతారు గదా! కాలం చెబుతారు, దేశం చెబుతారు. మీ గోత్రం, మీ పేరు చెబుతారు. ఏ కోరికతో, ఏ దేవునికి, ఏమి చేయబోతున్నారో చెబుతారు. అంతా కలిపి ఒకే వాక్యం. సృష్టి ఆరంభంనుండి ఈనాటి తిథివరకు ఉన్న కాలమంతా ఒకవైపు, మీరొక్కరు మరొకవైపు, మధ్యలో మీ సంకల్పం. ఆ వాక్యంలో మీ పేరు వినబడగానే మీరు తల వంచుతారు. ఎందుకంటే అది మీ కథకు మొదటి వాక్యం.

కథకు ప్రాణం సంకల్పం. ఒకడు ఒకటి సంకల్పించుకొంటాడు. దానికి విఘ్నం వస్తుంది. ఆ విఘ్నం దాటడానికి అతడు ఒక మూల్యం చెల్లిస్తాడు. ఎవరి సంకల్పం, ఏమి విఘ్నం, ఎంత మూల్యం అన్న ఈ మూడూ ఒక్క ఊపిరిలో చెప్పగలిగితే ఆ కథ చేతికి చిక్కినట్లే. ఈ మూడింటిలో ఏది లోపించినా మిగిలేది నీతి, లేదా పట్టిక.

దీనికి శ్రేష్ఠమైన ఉదాహరణ సుందరకాండలోనే ఉన్నది. ఆనాడు మూడు గంటల ప్రసంగంలో ఆ ఘట్టం నేను దాటివేశాను. ఈనాడు దాని దగ్గర ఆగుతాను.

దక్షిణ దిక్కుకు వెళ్లిన వానరుల పరిస్థితి ఒకసారి తలచుకోండి. సుగ్రీవుడు ఇచ్చిన గడువు ఒక మాసం. అది దాటిపోయినది. సీత జాడ లేదు. ఉత్త చేతులతో తిరిగిపోతే మరణదండన తప్పదని అంగదుడు మొదలైనవారు ప్రాయోపవేశానికి సిద్ధమైనారు. సంపాతి మాటవలన కొంచెం ఆశ పుట్టినది. హనుమంతుడు సముద్రం మీదికి ఎగిరినాడు. ఇక మిగిలినవారికి పని లేదు. ఒడ్డున కూర్చొని ఎదురుచూడడమే. వారి ప్రాణాలన్నీ ఆయన తెచ్చే ఒక్క కబురులో ఉన్నవి.

హనుమ తిరిగి వచ్చి మహేంద్రగిరి శిఖరంపై దిగినాడు. అందరూ చుట్టుముట్టినారు. ఆయన దగ్గర చెప్పడానికి ఎంత ఉన్నది! మైనాకుడున్నాడు, సురస ఉన్నది, సింహిక ఉన్నది, లంకిణి ఉన్నది, అశోకవనం ఉన్నది, అక్షకుమారుడి వధ ఉన్నది, లంకాదహనం ఉన్నది. ఆయన ఇవేవీ ఎత్తలేదు. తన పరాక్రమం ప్రస్తావించలేదు. రెండే పదాలు పలికినాడు. మొదటి పదానికి 'చూడబడినది' అని అర్థం. రెండవ పదం సీత పేరు. ఆయన సంక్షేపంగా నివేదించినాడని వాల్మీకి మహర్షే అక్కడ స్పష్టంగా చెప్పినాడు.

ఆ క్రమం గమనించండి. సీత పేరు ముందు పలికి ఉంటే, ఆ పేరుకూ తరువాతి పదానికీ నడుమ అరక్షణం ఎడం ఉండేది. ఆ అరక్షణంలో వినేవారి గుండె ఆగిపోయేది. సీతకు ఏమైనది? ఉన్నదా, లేదా? అందుకని ముందు 'చూడబడినది' అన్నాడు. ప్రాణం పోసిన తరువాత పేరు చెప్పినాడు. వ్యాకరణంలో పదాల క్రమం మారినా సంస్కృతంలో అర్థం మారదంటాము. వినేవాడి ప్రాణానికి మాత్రం మారుతుంది. సంక్షేపం చేసేవాడికి తెలియవలసినది ఇదే. వినేవాడు దేనికోసం ఆకలిగా ఉన్నాడో, అది మొదట వడ్డించవలెను.

మరి ఆ రెండు పదాలతో కథ ముగిసినదా? లేదు. అక్కడే మొదలైనది. జాంబవంతుడు, జరిగినదంతా వివరంగా చెప్పుమని అడిగినాడు. అప్పుడు హనుమ సుదీర్ఘంగా చెప్పినాడు. చూచారా? మంచి సంక్షేపం వినేవాడి నోటిని మూయదు. 'తరువాత?' అనే ప్రశ్నను అతడి నోట పలికిస్తుంది. ఇందాక చెప్పుకొన్న ఆకాంక్ష ఇదే.

తరువాత శ్రీరాముని ఎదుట నిలిచినప్పుడు హనుమ వాక్యం మారినది. అక్కడ వినేవాడు వేరు. రాముడి మనస్సులో రెండు ఆవేదనలు ఉన్నవి. సీత తన వ్రతనియమంతో ఉన్నదా? శరీరానికి హాని లేకుండా ఉన్నదా? హనుమ ఆ రెండింటికీ రెండు విశేషణాలతో సమాధానం చెప్పినాడు. నియమంతో ఉన్నది, క్షతం లేకుండా ఉన్నది. కథ అదే. వినేవారినిబట్టి వాక్యం వేరు. వానరులకు ప్రాణం కావాలి, రాముడికి నిశ్చింత కావాలి. ఒకరికి చెప్పిన వాక్యం మరొకరికి చాలదు.

మరొక విషయం కూడా చెప్పుకోవాలి. సంక్షేపం రెండు విధాలు. కథకు ముందు వచ్చేది ఒకటి, కథ ముగిసిన తరువాత వచ్చేది ఒకటి. మొదటిదానిని బీజమనీ, రెండవదానిని సారమనీ అందాం.

రామాయణం బీజంతో మొదలవుతుంది. ఇన్ని గుణాలు కలిగిన మానవుడు ఈ లోకంలో ఎవరున్నారని వాల్మీకి అడిగినాడు. నారదుడు రామకథను సంక్షేపంగా చెప్పినాడు. బాలకాండలోని ఆ మొదటి సర్గ నూరు శ్లోకాలు. దానికి సంక్షేప రామాయణమని పేరు. మన తెలుగు దేశంలో బాల రామాయణమని పిల్లలచేత వల్లె వేయించేవారు. నా విద్యాభ్యాసం కూడా దానితోనే మొదలైనది. ఆ నూరు శ్లోకాలే తరువాత ఇరవై నాలుగు వేలైనవి.

మహాభారతం సారంతో ముగుస్తుంది. లక్ష శ్లోకాల గ్రంథం ముగించి, చివర స్వర్గారోహణ పర్వంలో వ్యాసభగవానుడు చేతులెత్తి మొరపెట్టుకొన్నాడు. ధర్మంవలననే అర్థకామాలు కూడా సిద్ధిస్తాయి, అయినా దానిని ఎందుకు సేవించరని ఆయన ఆవేదన. అది నీతివాక్యమే. అయితే ఎవరికి? కురుక్షేత్రమంతా చూచి, అభిమన్యుడికోసం ఏడ్చి, శవాల నడుమ తిరిగే గాంధారితోపాటు నడిచి వచ్చిన శ్రోతకు. అతడికి ఆ ఒక్క మాటలో పద్దెనిమిది పర్వాలు వినబడతాయి. కథ విననివాడికి అదే మాట ఉత్త ఉపదేశంగా వినబడుతుంది.

నేను చేసిన తప్పుకు ఇప్పుడు పేరు దొరికినది. బీజం అడిగిన అవ్వకు సారం ఇచ్చాను. నాటుకోవడానికి విత్తనం అడిగితే, పిండి చేతిలో పెట్టాను.

ఈ కొండల్లో నిలబడి కథను సంక్షేపించడాన్ని గురించి మాట్లాడేటప్పుడు మరొక కథను విస్మరించడం అపచారం అవుతుంది. అది ఈ నేలపైనే జరిగిన కథ. 1922 ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి పోలీసు ఠాణాల మీద అల్లూరి సీతారామరాజు తన అనుచరులతో వరుసగా దాడి చేసినాడు. ఆ సెప్టెంబరు 24న దామనపల్లి కనుమలో స్కాట్ కవర్డ్, హైటర్ అనే ఇద్దరు ఆంగ్ల అధికారులు నేలకూలినారు. 1924 మే 7న రాజు తుపాకీ గుండుకు బలియైనాడు. అప్పటికి ఇరవై ఏడేళ్లు నిండలేదు. ఆయన వెంట నిలిచిన గాం సోదరులలో గంటందొర ఆ పోరాటంలోనే ప్రాణం విడిచినాడు. మల్లుదొర జైలు శిక్ష అనుభవించి, స్వాతంత్ర్యం వచ్చిన తరువాత 1952 ఎన్నికలలో లోక్‌సభకు ఎన్నికైనాడు.

నాటి ప్రభుత్వ పత్రాలు ఈ చరిత్రనంతా 'ఫితూరీ' అనే ఒక్క మాటలో కుదించినవి. ఫితూరీ అంటే అల్లరి, తిరుగుబాటు. ఆ మాటలో అబద్ధం ఉన్నదా అంటే, జరిగినది తిరుగుబాటే. అయితే ఎవరు, ఎందుకు, ఏమి కోల్పోయి అన్నది అందులో లేదు. 1882 నాటి మద్రాసు అటవీ చట్టం తరువాత పోడుకూ అడవిలో తిరగడానికీ వచ్చిన ఆంక్షలు లేవు. రోడ్డు పనికి తోలుకొనిపోయి సరైన కూలి ఇవ్వకపోవడం లేదు. సంకల్పమూ మూల్యమూ తీసివేసి విఘ్నం ఒక్కటే మిగిల్చినారు. అదీ ప్రభుత్వానికి కలిగిన విఘ్నం. సంక్షేపంలో ఉండే ప్రమాదం ఇది. ఏ మాట వదలిపెడుతున్నామో తెలియకపోతే, నిజమే చెబుతూ అన్యాయం చేయగలము.

అదే కథను ఇట్లా చెప్పి చూడండి. "తపస్సు చేసుకొనే ఒక యువ సన్న్యాసి, కొండవారి అడవి కొండవారికే కాకుండా పోవడం చూచి, ఆసనం విడిచి ఆయుధం పట్టి, రెండేళ్లు తిరగకముందే వారికోసం ప్రాణం ఇచ్చినాడు." ఇది కూడా ఒక్క వాక్యమే. ఇది వింటే పిల్లవాడు 'తరువాత?' అంటాడు. 'ఎట్లా?' అంటాడు. అప్పుడు మీరు చింతపల్లి ఠాణా కథ చెప్పవచ్చు. తాను ఏయే ఆయుధాలు తీసుకొనిపోతున్నదీ రాసి సంతకం చేసిన ధైర్యాన్ని గురించి చెప్పవచ్చు. బాణానికి మిరపకాయ కట్టి పంపే 'మిరపకాయ టపా' అని ఈ ప్రాంతంలో చెప్పుకొనే కథనూ చెప్పవచ్చు.

2022లో ఈ జిల్లాకు అల్లూరి సీతారామరాజు పేరు పెట్టినారు. ఇప్పుడు ప్రతి ఉత్తరంపైనా, ప్రతి ధ్రువపత్రంపైనా ఆ నామం ఉంటుంది. నామం అన్నిటికంటె చిన్న సంక్షేపం. మనకు రామనామం అటువంటిదే. అయితే నామం కథ తెలిసినవాడికే విప్పారుతుంది. కథ తెలియని పిల్లవాడికి జిల్లా పేరు ఒక చిరునామా మాత్రమే. నామానికీ కథకూ నడుమ ఒక వాక్యం ఉండవలెను. ఆ వాక్యం అందించే బాధ్యత పెద్దలది.

దాతలకు ఒక చిన్న విన్నపం. నేను దర్శించిన అనేక దేవాలయాలలో శిలాఫలకాలు చూచాను. ఎవరు ఎంత ఇచ్చినారో, ఏ మెట్టు ఎవరి జ్ఞాపకార్థమో వివరంగా ఉంటుంది. ఉండవలసినదే, దానం చేసినవారి పేరు నిలవాలి. కాని ఈ స్వామి ఇక్కడ ఎందుకు వెలసినాడో చెప్పే ఒక్క వాక్యం మాత్రం చాలాచోట్ల కనబడదు. దాతల చరిత్ర సవిస్తరంగానూ, దేవుని చరిత్ర సంక్షేపంగా కూడా లేకుండానూ ఉండడం భావ్యం కాదు గదా! మీ గుడిలో ఒక పలక పెట్టించండి. స్థలపురాణాన్ని ఒక్క వాక్యంలో, చదివిన పిల్లవాడు అర్చకుడిని 'తరువాత ఏమైనది?' అని అడిగేటట్లు రాయించండి.

తల్లిదండ్రులకు, తాతలకు, అవ్వలకు మరొక మాట. కథ చెప్పడానికి తీరిక లేదని అందరూ అంటున్నారు. మూడు గంటలు అక్కరలేదు. పిల్లవాడికి అన్నం కలిపి పెట్టేటప్పుడు ఒక్క వాక్యం చాలు. ముందు ఎవరి కథో, అతడు ఏమి కోరినాడో చెప్పండి. తరువాత దేనికి అడ్డుపడినదో, అతడు ఏమి వదలుకొన్నాడో చెప్పండి. నీతి చెప్పకండి. అది పిల్లవాడు కథంతా విని, పెరిగి, తానే తెలుసుకొంటాడు. మీరు చెప్పిన తరువాత పిల్లవాడు ముద్ద మింగడం ఆపి మీవైపు చూస్తే, ఆ వాక్యం సరిగా కుదిరినట్లు. ఊరకే తలూపితే మరునాడు మార్చి చెప్పండి. అయితే వాక్యం చెప్పి కథ మానివేయకండి. వాక్యం వాకిలి మాత్రమే. వాకిట్లోనే నిలబెట్టి పంపించివేస్తే అతిథిని ఆదరించినట్లు కాదు.

ఇక నా ఋణం.

ఆ సాయంకాలం నేను ఏమి చెప్పి ఉండవలసినది? ఇరవై ఏళ్లుగా ఎన్నో వాక్యాలు అల్లుకొన్నాను, ఎన్నో చెరిపివేశాను. రామకథ మొత్తానికి ఈనాటికి నాకు కుదిరిన వాక్యం ఇది: "తండ్రి మాట నిలపడానికి రాజ్యం విడిచి అడవికి వచ్చిన ఒక కొడుకు, ఆ అడవిలోనే భార్యను పోగొట్టుకొని, అడవివారి తోడుతోనే ఆమెను తిరిగి తెచ్చుకొన్నాడు."

ఇందులో రాముడి సంకల్పం ఉన్నది, అది తండ్రి మాట. మూల్యం ఉన్నది, అది రాజ్యం. విఘ్నం ఉన్నది, అది సీతావియోగం. 'అడవివారి తోడుతో' అన్న మాట నేను ఈ కొండలకోసం కల్పించినది కాదు. గుహుడు గంగ దాటించినాడు. జటాయువు ప్రాణమిచ్చినాడు. శబరి ఆదరించినది. వానరులు వారధి కట్టినారు. అయోధ్యనుండి సైన్యం రాలేదు. ఈ సంగతి నేను ఎన్నోసార్లు చదివాను. అయినా నా సంక్షేపంలో దానికి చోటు ఉండవలెనని నాకు తోచినది ఆ అవ్వ అడిగిన తరువాతనే. ఆమె ప్రశ్న నాకు రామాయణాన్ని మళ్లీ చదివించినది.

అయితే ఇది ఆమెకు చెప్పవలసిన వాక్యం. మంచాన ఉన్న ఆ పిల్లవాడికి చెప్పవలసినది వేరు. హనుమ నేర్పినట్లు, వినేవాడి ఆకలి చూడవలెను. ఆ పిల్లవాడు కదలలేడు. గుమ్మంవైపు చూస్తూ పడుకొని ఉన్నాడు. సంతకు వెళ్లిన నాయనమ్మ చీకటి పడినా ఇంకా రాలేదు. అతడికి రావణుడు చచ్చినాడన్న కబురుతో ఆనాటికి పని లేదు.

ఆ పిల్లవాడు ఇప్పుడు పెరిగి పెద్దవాడై ఉంటాడు. అతడికీ పిల్లలు ఉండవచ్చు. ఈ సభలోనే ఎక్కడో కూర్చొని ఉన్నా ఉండవచ్చు. లేకపోతే, మీలో ఎవరైనా ఆ పై ఊళ్లకు వెళ్లేవారు ఈ వాక్యాన్ని ప్రసాదంతోపాటు కొంగున ముడివేసుకొని పోయి, మంచాన ఉండి ఎవరికోసమో ఎదురుచూచే ఏ పిల్లవాడికైనా విప్పి చెప్పండి. నా ఋణం కొంత తీరుతుంది.

"దూరాన ఒంటరిగా కూర్చొని, నావాళ్లు వస్తారా రారా అని ఏడుస్తున్న ఒక తల్లి దగ్గరకు, ఒక కోతి ఒక్కడే సముద్రం దూకి వచ్చి, 'అమ్మా, వస్తున్నారు' అని చెప్పినాడు."

స్వస్తి.